చదువవలెనే గాని పాటింపరాదు

కొత్తరేవు పురపాలక సంఘం వెబ్‌సైటును ప్రారంభించిన రోజున కంప్యూటరు ముందు కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళు కీబోర్డులోకి పోవడంతో ప్రారంభోత్సవాన్ని మర్నాటికి వాయిదా వేశారు. ఆ చిన్న ఆటంకం తప్పిస్తే చాలాకాలం వరకూ వెబ్‌సైటు వల్ల ఎవరికీ ఏ హానీ జరగలేదు.

దాన్ని తయారుచేసిన కంపెనీవాళ్ళు పని త్వరగా ముగించాలని ఒక అడ్డదారి తొక్కారు. ప్రజలు ఫిర్యాదుల పెట్టెలో రాసినదాన్ని కంప్యూటరు చదివి, ఇది పేరు, ఇది వీధి, ఇది సమస్య అని విడదీసుకోవాలి. అలా కాకుండా, వచ్చిన రాతను వచ్చినట్టే ఆజ్ఞగా తీసుకుని అమలు చేసెయ్యమని దానికి చెప్పి పెట్టారు. కానీ కొత్తరేవు ప్రజలు ‘తమరు దయతలచి’ అని మొదలుపెట్టి ‘ఇట్లు తమ విధేయుడు’ అని ముగించేవారు. అందులో ఆజ్ఞ ఎక్కడుందో కంప్యూటరుకు అంతుబట్టేది కాదు. పురపాలక సంఘానికీ ఏనాడూ అంతుబట్టలేదు కాబట్టి తేడా ఎవరూ గమనించలేదు.

ఒకనాడు పదమూడో వార్డులో, కుళాయి ముందు బిందె పెట్టుకుని విసిగిపోయిన ఇంజనీరింగు విద్యార్థి ఎవడో కంప్యూటరుకు అర్థమయ్యే భాషలో ఒకే ఒక్క వాక్యం రాశాడు. మా కౌన్సిలరును తీసివెయ్యి అని దాని భావం. కంప్యూటరు తీసివేసింది.

మట్టపర్తి సుబ్బారాయుడు అనే ఆ కౌన్సిలరు మర్నాడు పదిగంటలకు రొప్పుతూ ఆఫీసుకొచ్చారు. గోడమీది తెరలో ఆయన ఫోటో లేదు. హాజరు యంత్రం ఆయన బొటనవేలిని గుర్తుపట్టలేదు. సూపరింటెండెంటు కుడుపూడి వీరభద్రం ఆయన్ని నఖశిఖపర్యంతం చూసి కుర్చీ వెయ్యాలా వద్దా అన్న సందేహంలో పడ్డాడు.

"ఏవండీ వీరభద్రం గారూ, నేను ఎదురుగానే ఉన్నాను కదండీ!" అన్నారు కౌన్సిలరు.

"ఉన్నారండి. నేనెక్కడ కాదన్నాను? రికార్డులో లేరండి."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"అది కౌన్సిలరు గారు అడగాల్సిన ప్రశ్నండి. మీ వార్డుకి ప్రస్తుతం ఎవరూ లేరు."

విషయం కమిషనర్ తటవర్తి సదానందరావు గారి దాకా వెళ్ళింది. సర్వీసంతా ఒక్క మచ్చ లేకుండా గడిపిన అధికారి ఆయన. మచ్చ పడేటంత పని ఎప్పుడూ పెట్టుకోలేదు. వెంటనే అత్యవసర సమావేశం పిలిచి, కాంట్రాక్టు మీద పనిచేసే ప్రోగ్రామరు కర్రి సునయనను రప్పించారు. ఆ అమ్మాయి పక్క ఊరినుంచి వచ్చి హాస్టల్లో ఉంటోంది. తెలివైనదే గాని ఓపిక తక్కువ. పెద్దవాళ్ళ ముందు మాట్లాడాల్సి వస్తే సగం మాటలు నోట్లోనే మింగేస్తుంది.

"సార్, బయటినుంచి వచ్చిన రాతని మన సైటు చదవట్లేదండి. పాటించేస్తోంది," అంది సునయన.

"పాటిస్తోందా? మన ఆఫీసులోనా?" అన్నారు కమిషనర్ గారు నిర్ఘాంతపోయి.

"అవునండి. అదే ప్రమాదం. ఎవరేం రాసినా చేసేస్తుందండి. రాతని రాతగానే తీసుకోవాలి. ముందు దాని ఆకారం సరిగ్గా ఉందో లేదో చూడాలి. బ్రాకెట్టు తెరిస్తే మూశారా, కొటేషను మొదలుపెడితే ముగించారా, అలాగన్నమాట. సరిగ్గా ఉంటే దేని అరలో దాన్ని సర్దుకోవాలి. లేకపోతే ఇదిగో ఇక్కడ తప్పుందని మర్యాదగా తిప్పి పంపాలి. అంతేగాని వచ్చినదాన్ని గుడ్డిగా పాటించకూడదండి."

"చదవాలి. పాటించకూడదు," అన్నారు కమిషనర్ గారు మెల్లగా, మంత్రం వల్లించుకుంటున్నట్టు.

"ఒక్క లైను మారిస్తే సరిపోతుందండి. ఆ తర్వాత..." అని సునయన ఇంకేదో చెప్పబోయింది. అప్పటికే ఆయన కళ్ళు సగం మూతపడ్డాయి. ఏదో గొప్ప సత్యం బోధపడినవాడిలా ఉన్నారు.

ఆ సాయంత్రమే సునయన ఆ ఒక్క లైను మార్చేసింది. సైటు బాగుపడింది. కౌన్సిలరు గారి ఫోటో కూడా వెనక్కి వచ్చింది, కాకపోతే పాస్‌పోర్టు సైజులో. వ్యవహారం అక్కడితో ముగిసిపోవాలి. కానీ సోమవారం ఉదయానికి నోటీసు బోర్డు మీద కమిషనర్ గారి సర్క్యులరు వెలిసింది.

‘ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునదేమనగా, నేటినుండి ఈ కార్యాలయమందు సురక్షిత పఠన విధానము అమలులోనికి వచ్చినది. బయటినుండి గాని, లోపలినుండి గాని, పైనుండి గాని వచ్చు ఏ రాతనైనను సిబ్బంది తొలుత ఆకారము సరిచూచి, పిదప చదువవలెనే గాని ఎట్టి పరిస్థితులలోను పాటింపరాదు. అతిక్రమించినవారు కఠిన చర్యలకు పాత్రులగుదురు.’

ఇంత సులువుగా సిబ్బందికి ఒంటబట్టిన ఉత్తర్వు కొత్తరేవు చరిత్రలో మరొకటి లేదు. దోమల మందు కొట్టాలని వచ్చిన ఆదేశాన్ని ఆరోగ్య విభాగం అంతా గుండ్రంగా కూర్చుని శ్రద్ధగా చదివింది. దోమలు కూడా ఏ అభ్యంతరమూ తెలపలేదు. మార్కెట్టు వీధిలో మురుక్కాలవ తియ్యాలన్న కాగితాన్ని ఇంజనీరింగు విభాగంవారు విడదీసి, కాలవను ఒక అరలోనూ మురికిని ఇంకో అరలోనూ వేసి భద్రపరిచారు.

ప్రజలకు మాత్రం ఆకారం దగ్గర చిక్కొచ్చింది. సునయన సైటు కోసం చెప్పిన నియమాలన్నీ ఇప్పుడు కౌంటర్లో చేత్తో రాసిన దరఖాస్తులకు కూడా వచ్చిపడ్డాయి. ప్రతి అర్జీకీ ముందొకటీ వెనకొకటీ మెలితిరిగిన బ్రాకెట్లుండాలి. జనం వాటిని మీసాలనేవారు. ఆఫీసు ఎదుటి జిరాక్సు షాపులవాళ్ళు ‘ఇచ్చట మీసాలు పెట్టబడును’ అని బోర్డులు రాసుకున్నారు. అది చూసి ఇద్దరు ముగ్గురు నాటకాల వాళ్ళు కూడా లోపలికి వెళ్ళారు.

కౌంటరు దగ్గర వీరభద్రం భూతద్దం పెట్టుకుని కూర్చునేవాడు. ఇన్నాళ్ళూ అతను దరఖాస్తులు తిప్పి పంపడానికి కారణాలు వెతుక్కునేవాడు. ఇప్పుడు కారణాలే అతన్ని వెతుక్కుంటూ వచ్చేవి.

"చివర కామా పెట్టారేంటండీ?" అనేవాడు.

"అలవాటులో పడిపోయిందండి."

"కామా ఉందంటే తర్వాత ఇంకా ఏదో ఉందని అర్థం. మీరేదో దాస్తున్నారు. అదేంటో చెప్పేదాకా ఇది తీసుకోను."

పెళ్ళికాని లెక్కల మాస్టారొకాయన ఇంటిపన్ను పేరుమార్పు కోసం వచ్చాడు. భార్య పేరు అన్న చోట ‘లేదు’ అని రాశాడు, నిబంధన ప్రకారం కొటేషన్ మార్కుల మధ్యన. వీరభద్రం దాన్ని చదివి, "మీ ఆవిడ లేదు గారిని కూడా తీసుకురండి, సంతకం పెట్టాలి," అన్నాడు.

"లేదు అంటే లేదనేనండీ!"

"కొటేషన్లో రాస్తే అది పేరే అవుతుందండి. అసలు లేకపోతే శూన్యం అని, కొటేషన్ లేకుండా రాయాలి. ఇప్పుడు రికార్డులోకి ఎక్కేసింది. ఆవిడ రాకపోతే విడాకుల కాగితమన్నా తేవాలి."

మాస్టారు వారం రోజులు తిరిగాడు. ఆఖరికి లేదు గారు పుట్టింట్లో ఉన్నారని రాసిచ్చి బయటపడ్డాడు.

ఇలాంటి రోజుల్లోనే గుబ్బల మంగతాయారు హోటలు లైసెన్సు కొత్తది చేయించుకోవడానికి వచ్చింది. బస్టాండుకి ఆనుకుని ఆమె హోటలు. తెల్లారకుండానే పొయ్యి వెలిగించి, పెనం ముందు నిలబడి, వచ్చినవాళ్ళని అన్నా, బాబూ, అమ్మాయ్ అని పిలుస్తూ పెసరట్లు వేసేది. బస్సు డ్రైవర్లు ఆమె వడ్డించేదాకా బస్సు తియ్యరని ప్రయాణికులు ఫిర్యాదు చేసి, తర్వాత వాళ్ళూ దిగి తినేవారు. సునయన కూడా రోజూ పొద్దున్నే అక్కడే తినేది. బోర్డు మీద పెయింటరు ఎర్రరంగుతో ఇలా రాశాడు: మంగతాయారు "నేతి" పెసరట్టు హోటల్.

వీరభద్రం దరఖాస్తు మీద భూతద్దం ఆనించి పెదవి విరిచాడు.

"మీ హోటలు పేరు మంగతాయారు దగ్గరే అయిపోయిందండి. నేతి అన్నది బయట పడిపోయింది."

"నెయ్యి బయటెందుకు పడుద్దండీ బాబూ? అట్టు మీదే ఏత్తాను."

"అది కాదమ్మా. పేరుకి ముందూ వెనకా కొటేషనుండాలా? ఉంది. మధ్యలో నేతికి మళ్ళీ కొటేషను పెట్టారు. దాంతో పేరు అక్కడితో ముగిసిపోయినట్టు లెక్క. మిగిలిన పెసరట్టు ఎవరిది?"

"నాదేనండి! ఊరంతా తింటన్నారు కదా, మీరూ తిన్నారు!"

"నేను తిన్నది కొటేషన్ లేనిది. నేతికి ముందొక వాలుగీత, వెనకొక వాలుగీత పెట్టండి. అప్పుడు లోపలి కొటేషను లోపలే ఉండిపోతుంది. బోర్డు మీదా, దరఖాస్తులోనూ ఒకేలాగుండాలి సుమా."

మంగతాయారు పెయింటర్ని పిలిపించి బోర్డు మీద గీతలు పెట్టించింది. అతను ఎడమచేతివాటం మనిషి. గీతలు అటు వాలాల్సినవి ఇటు వాలాయి. వీరభద్రం బస్టాండుదాకా నడిచి వచ్చి, తల పక్కకి వంచి చూసి, చెల్లదన్నాడు. సరిచేయించేసరికి లైసెన్సు గడువు దాటిపోయింది. మర్నాడు మున్సిపాలిటీవాళ్ళు వచ్చి తలుపుకి తాళం వేసి, లక్కతో సీలు వేశారు.

"రాసినదేదీ చెయ్యకూడదని కదండీ మీ రూలు? మరి ఇదెలా చేశారు?" అని అడిగింది ఆమె.

"గడువు దాటితే సీలు వెయ్యడానికి రాత అక్కర్లేదమ్మా. అది అలవాటు," అన్నాడు వీరభద్రం.

సునయన పొద్దున్నే వచ్చేసరికి మంగతాయారు మెట్లమీద కూర్చుని ఉంది. పక్కన గిన్నెలో రాత్రి నానబోసిన పెసలు. వాటిని ఏం చెయ్యాలో తోచక అలాగే ఉంచింది. మర్నాడూ ఆమె అక్కడే ఉంది. పెసలకు తెల్లగా మొలకలొచ్చాయి. మూడోనాడు అవి రెండేసి ఆకులు వేశాయి.

"పొయ్యి ముందు నిలబడకపోతే కాళ్ళు లాగేత్తన్నాయమ్మాయ్," అంది మంగతాయారు. "కూర్చోడం అలవాటు లేదు నాకు. ఈ మీసాలూ గీతలూ నువ్వే చెప్పావంట కదా?"

సునయనకు ఏడుపొచ్చినంత పనైంది. "నేను కంప్యూటరుకి చెప్పానండీ. మనుషులకి కాదు," అని, అక్కణ్ణుంచి నేరుగా కమిషనర్ గారి గదికి వెళ్ళింది. ఈసారి ఒక్క మాట కూడా మింగలేదు.

"సార్, ఆరోజు మీరు సగమే విన్నారు. చదవడంతో పని అయిపోదండి. విడదీసి అరల్లో పెట్టుకునేది దాన్ని వాడుకోవడానికే. చదివాక, ఆలోచించి, చెయ్యాల్సిన పని చెయ్యాలి."

"చాలా లోతైన విషయం," అన్నారు కమిషనర్ గారు. "రాతపూర్వకంగా సమర్పించండి."

ఆమె అక్కడే నిలబడి రాసిచ్చింది, మీసాలతో సహా. ఆయన అద్దాలు పెట్టుకుని ఆసాంతం చదివారు.

"అద్భుతంగా ఉంది. చదివాను," అని తిరిగి ఇచ్చేశారు.

ఆ నెలాఖరుకి కమిషనర్ గారు రాజధానికి ఒక నివేదిక పంపారు. సురక్షిత పఠన విధానం వచ్చాక కొత్తరేవులో తప్పుడు ఉత్తర్వు ఒక్కటి కూడా అమలు కాలేదని అందులో ఉంది. అది అక్షరాలా నిజం. పైవాళ్ళు ముచ్చటపడి ఆయనకు ప్రాంతీయ సంచాలకుడిగా పదోన్నతి ఇచ్చారు. ఆ పదవి కోసం ఆయన సర్వీసంతా ఎదురుచూశారు. ఎవరినీ నొప్పించలేదు, దేనికీ ఎదురు చెప్పలేదు, తుమ్మొచ్చినా పై అధికారి తుమ్మేదాకా ఆగారు. శుక్రవారంలోగా ఇక్కడ రిలీవై అక్కడ చేరకపోతే అవకాశం తర్వాతివారికి పోతుందని ఉత్తర్వులో స్పష్టంగా ఉంది.

ఆయన మిఠాయిలు తెప్పించి వీరభద్రాన్ని పిలిచారు. వీరభద్రం ఒక లడ్డూ నోట్లో వేసుకుని, ఉత్తర్వు మీద భూతద్దం ఆనించాడు.

"సార్, దీనికి మీసాల్లేవు. మీసం ఉండాల్సిన చోట అక్షరం ఎదురైంది. తిప్పి పంపాలి."

కమిషనర్ గారు తన చేత్తోనే మీసాలు దిద్దారు. వీరభద్రం మళ్ళీ చూశాడు.

"ఇప్పుడు దివ్యంగా ఉంది సార్. చదివేశాను. మనస్ఫూర్తిగా అభినందనలు."

"మరి నన్ను రిలీవ్ చెయ్యి."

వీరభద్రం నొచ్చుకున్నాడు. "అది పాటించడం అవుతుంది సార్. పైనుండి వచ్చిన రాతైనా సరే అని తమరే కదా రాశారు? నన్ను పరీక్షిస్తున్నారా?"

కమిషనర్ గారు నుదురు తుడుచుకుని, సురక్షిత పఠన విధానాన్ని రద్దు చేస్తున్నట్టు ఇంకో ఉత్తర్వు రాశారు. అంత తొందరలోనూ మీసాలు మరిచిపోలేదు. వీరభద్రం దాన్ని కూడా చదివాడు. తమరి దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని మెచ్చుకుని, భద్రంగా అరలో పెట్టాడు.

"రద్దు చేశానయ్యా! ఇంకా పెడతావేం అరలో?"

"రద్దు కూడా రాతే కదా సార్."

"సరే, నోటితో చెప్తున్నాను, విను! రద్దు!"

"నోటిమాట చెల్లదు సార్. రాసివ్వండి," అన్నాడు వీరభద్రం ఎంతో వినయంగా.

బుధవారం గడిచింది. గురువారం మధ్యాహ్నానికి కమిషనర్ గారి ముఖం పీక్కుపోయింది. అన్నం సయించలేదు. ఆఖరికి ఆయనే మెట్లు దిగి, కింద స్టోరు గదిలో పనిచేసుకుంటున్న సునయన దగ్గరికి వచ్చారు. ఆ గది ఎక్కడుందో ఆయనకి అప్పటిదాకా తెలియదు.

"అమ్మా, ఆ రోజు రెండో సగం ఏదో చెప్పావు. మళ్ళీ చెప్పు. రాయనక్కర్లేదు."

సునయన కుర్చీ జరిపింది. "వచ్చిన కాగితాన్ని చదవాలి సార్. ఎవరు పంపారు, ఏం అడుగుతున్నారు అని చూడాలి. అది సబబో కాదో ఒక మనిషి ఆలోచించాలి. సబబైతే చెయ్యాలి."

"ఏ మనిషి?"

"ఈ ఆఫీసులో అయితే మీరే కదండీ."

"ఎవరి ఉత్తర్వు మీద ఆలోచించాలి?"

"ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు సార్."

ఆయన గ్లాసుడు మంచినీళ్ళు తాగారు. ఇంకో గ్లాసు అడిగారు. "నాకలవాటు లేదమ్మా," అన్నారు చిన్న గొంతుతో. సునయనకు మొదటిసారి ఆయన మీద జాలేసింది. పదోన్నతితో మొదలుపెడితే భయమేస్తుంది గానీ, ముందు చిన్నదాంతో చేసి చూద్దాం రండి అని, ఆయన్ని బస్టాండుకి తీసుకెళ్ళింది.

మంగతాయారు మెట్లమీదినుంచి లేచి చెంగు సర్దుకుంది. కమిషనర్ గారు ఆమె దరఖాస్తును చేతిలోకి తీసుకున్నారు. అలవాటు కొద్దీ వాలుగీతల మీదికి పోబోయిన చూపును బలవంతాన పక్కకి తిప్పి, పేరు చదివారు. ఊరు చదివారు. ఏం కావాలన్నారో చదివారు. తర్వాత తలెత్తి, ఏ కాగితంలోనూ లేని ఒక ప్రశ్న అడిగారు.

"నెయ్యి నిజంగానే వేస్తావా అమ్మా?"

"ఏత్తానండి. పోత్తాను."

"వంటగది శుభ్రంగా ఉంటుందా?"

"తాళం తీసి మీరే చూసుకోండి బాబూ."

ఆయన చుట్టూ చూశారు. డ్రైవర్లు, కండక్టర్లు, ప్రయాణికులు గుమిగూడారు. ఎవరూ ఏ ఉత్తర్వూ ఇవ్వలేదు. లక్క సీలు గోటితో ఊడలేదు. మంగతాయారు సంచిలోంచి అట్లకాడ తీసి ఇచ్చింది. కమిషనర్ సదానందరావు గారు కళ్ళు గట్టిగా మూసుకుని అట్లకాడతో ఒక్క దెబ్బ వేశారు. లక్క పెళ్ళున విరిగి కింద పడింది. పిడుగు పడుతుందేమోనని ఆయన కాసేపు అలాగే నిలబడ్డారు. ఏమీ పడలేదు. కళ్ళు తెరిచి, అట్లకాడ వైపు చూసుకుని, చిన్నపిల్లాడిలా నవ్వారు.

తాళం తీయించి, లోపలికెళ్ళి వంటగదంతా తిరిగి చూశారు. బయటికొచ్చి దరఖాస్తు మీద సంతకం పెట్టారు. ఆ ఊపులో ఆఫీసుకి వెళ్ళి పొద్దుపోయేదాకా అరలన్నీ దించి, కాగితాలు ఒక్కొక్కటే చదివి, ఆలోచించి, మురుక్కాలవ దగ్గరికీ దోమల మందు దగ్గరికీ మనుషుల్ని వెంటబెట్టుకుని తానే వెళ్ళారు. కొన్ని తప్పు చేశారు కూడా. ఒక వీధికి రెండుసార్లు మందు కొట్టించారు. లెక్కల మాస్టారు ఇంటికెళ్ళి, లేదు గారు లేరని కళ్ళారా చూసి వచ్చారు.

శుక్రవారం తెల్లవారుజామున ఆయన పెట్టె పట్టుకుని బస్టాండుకి వచ్చారు. ఆయన్ని రిలీవ్ చేసే కాగితం మీద వీరభద్రం ఇంకా సంతకం పెట్టలేదు, పెట్టే ఉద్దేశమూ లేదు. పెనం మీద అట్టు చుయ్యిమంటోంది. మంగతాయారు మాటిచ్చినట్టే నెయ్యి పోసింది. సునయన పక్క బల్ల మీద తింటోంది. బస్సొచ్చి ఆగింది. కండక్టరు రైట్ చెప్పబోతున్నాడు. కమిషనర్ గారు చెయ్యి కడుక్కుని, పెట్టె అందుకుని, బస్సు మెట్టు దగ్గర ఆగిపోయారు. ముఖంలో మళ్ళీ పాత బెదురు.

"రిలీవింగ్ ఆర్డరు లేదమ్మా," అన్నారు వెనక్కి తిరిగి. "ఎక్కొచ్చంటావా?"

"బస్సెక్కడానికి టిక్కెట్టు చాలండి బాబూ," అంది మంగతాయారు, తర్వాతి అట్టు తిప్పుతూ.

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. ఎక్కారు.